యుద్ధమొస్తే కావలివాళ్లు, మిగతా రోజుల్లో అడ్డం

ఒడిశాలోని గంజాం జిల్లాకు సుమారు 60 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. దక్షిణాన బాహుదా నది సముద్రంలో కలిసే సోనాపురం దగ్గర మొదలై గోపాల్‌పూర్, ఆర్జిపల్లి మీదుగా ఋషికుల్య ముఖద్వారం దాటి పైకి పోతుంది. రామయ్యపట్నం, గరంపేట, వెంకట్రాయపురం, పోడంపేట లాంటి ఊళ్లలో వేటకు పోయేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. వాడబలిజలు, జాలరులు. ఒడియావాళ్లు అందరినీ కలిపి నోలియాలంటారు. ఇంట్లో మాట తెలుగు, బజార్లో ఒడియా. చుట్టరికాలు ఇటు ఇచ్ఛాపురం, బారువ, భీమిలి, విశాఖ దాకా, అటు పూరీ పెంఠకటా దాకా అల్లుకుని ఉంటాయి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని పాత గంజాం జిల్లాను రెండుగా కోశారు. బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ అటు పోయాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి మద్రాసులోనే మిగిలి, తర్వాత శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. గీత నేల మీద గీశారు గానీ, దానివల్ల తీరం చరిత్ర కూడా రెండు ముక్కలైంది. 1942, 1971 యుద్ధకాలాల సంగతులు ఎవరైనా తెలుగులో రాస్తే కథ విశాఖపట్నంలో మొదలై విశాఖపట్నంలోనే ఆగిపోతుంది. ఒడియాలో రాస్తే కటకం, పూరీ, పారాదీప్ కనిపిస్తాయి. మధ్యలో ఉన్న ఈ తెలుగు పేటలు ఎవరి లెక్కలోకీ రావు.

విశాఖలో యుద్ధం కళ్లకు కనిపిస్తుంది. ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి మ్యూజియం ఉంది. పక్కనే 1971 యుద్ధ విజయ స్మారకం ఉంది. విశాఖ మ్యూజియంలో జపాన్ వాళ్లు వేసిన, పేలని బాంబు ఉంది. పిల్లల్ని తీసుకెళ్లి చూపించవచ్చు. గోపాల్‌పూర్ బీచ్‌లో లైట్‌హౌస్, పాత రేవు నాటి శిథిలాలు, శనివారం సాయంత్రం బరంపురం నుంచి వచ్చే జనం తప్ప అలాంటివేవీ లేవు. కానీ 1942 ఏప్రిల్‌లో నౌకలు మునిగిన సముద్రం ఈ ఊళ్ల ముందున్న బంగాళాఖాతమే.

ఆ వారం ఏం జరిగిందో కాస్త వివరంగా చూడాలి. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద దాడి చేశాయి. బ్రిటిష్ తూర్పు నౌకాదళం అప్పటికే మాల్దీవుల వైపు అడ్డూ దీవులకు తగ్గింది. కలకత్తా రేవులో సరుకు నౌకలు కిక్కిరిసి ఉన్నాయి. రేవులోనే బాంబులకు దొరికిపోతాయన్న భయంతో వాటిని బయటికి పంపి, తీరం వెంబడి చెదిరిపొమ్మన్నారు. వెంట యుద్ధనౌకల కాపలా లేదు. అదే సమయంలో వైస్ అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో జపాన్ దళం బంగాళాఖాతంలోకి దిగి, ఏప్రిల్ 6న మూడు గుంపులుగా విడిపోయింది. ఉత్తరపు గుంపులో కుమానో, సుజుయా అనే రెండు భారీ క్రూజర్లున్నాయి. అవి ఒరిస్సా తీరం ముందు ఆటోలైకస్, మాల్దా, సిల్క్స్‌వర్త్ వంటి నౌకలను ముంచేశాయి. రియూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు అదే రోజు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మొత్తం ఆ దాడిలో మునిగిన వాణిజ్య నౌకలు 20కి పైనే. లైఫ్‌బోట్ల మీద బతికి బయటపడిన నావికుల్లో కొందరు ఒరిస్సా ఒడ్డుకే చేరారు.

విశాఖ మీద పడ్డ బాంబులు చాలా కొద్ది. సముద్రంలో మునిగిన నౌకల పరిమాణం లక్ష టన్నులు దాటింది. అయినా జనం నోళ్లలో నిలిచింది బాంబులే. ఊరి మీద పడ్డదానికి సాక్షులు వేలమంది ఉంటారు, దిగంతంలో మునిగినదానికి ఉండరు. ఆ వైపు తెప్ప మీద ఉన్నవాళ్లకు తప్ప ఆ పొగ కనపడే అవకాశం తక్కువ. వాళ్లు చూసింది ఎవరూ అడిగి రాసుకోలేదు.

మునిగిన వాటిలో మాల్దా గురించి ఇంకో మాట చెప్పుకోవాలి. అది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. ఆ కంపెనీ స్టీమర్లు దశాబ్దాల పాటు గోపాల్‌పూర్, బారువ, కళింగపట్నం, భీమిలి రేవుల్లో ఆగి, గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల కూలీలను రంగూన్ బియ్యపు మిల్లులకు, రేవు పనులకు చేరవేసేవి. గోపాల్‌పూర్‌లో అప్పట్లో ఓడ వచ్చి ఆనుకునే రేవు కట్ట లేదు. స్టీమరు దూరంగా లంగరు వేసి నిలబడేది. ఒడ్డు నుంచి మనుషుల్ని, మూటల్ని అక్కడికి చేర్చింది మసూలా పడవలు. వాటి చెక్కలకు మేకులు కొట్టరు, కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. అల వచ్చి గుద్దినప్పుడు చెక్క కాస్త వంగి మళ్లీ సర్దుకుంటుంది. మేకులు కొట్టిన బిగువు పడవైతే ఆ అలల పోటుకు పగిలిపోతుంది. అలల వరసను చూసుకుని, ఏ అల తర్వాత తెరిపి వస్తుందో లెక్కవేసి పడవను తోయడం ఒక విద్య. ఆ విద్య నోలియాల చేతిలో ఉన్నంతకాలం సముద్రానికీ ఊరికీ మధ్య దారి వాళ్లే.

యుద్ధం ఆ దారి మూసేసింది. బర్మా నుంచి లక్షలమంది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. అందులో తెలుగువాళ్లూ చాలామంది. దారిలో చనిపోయినవాళ్లకు సరైన లెక్కే లేదు. యుద్ధం ముగిసినా రంగూన్ రాకపోకలు పాత స్థితికి రాలేదు, గోపాల్‌పూర్ రేవు పడుకుంది. కాబట్టి ఈ తీరం వరకు రెండో ప్రపంచ యుద్ధమంటే రెండు నష్టాలు. ఒకటి నీళ్లలో మునిగిన ఓడలు, రెండోది మళ్లీ రాని స్టీమరు. రెండోదే పెద్దదనిపిస్తుంది. బాంబు భయం కొన్ని వారాల్లో తగ్గింది, పోయిన బతుకుతెరువు మాత్రం తిరిగి రాలేదు.

తీరప్రాంతాల పట్ల ప్రభుత్వాలు ఎలా ఆలోచిస్తాయో కూడా ఆ ఏడాదే బయటపడింది. శత్రువు దిగితే వాడుకుంటాడన్న భయంతో పక్కనున్న బెంగాల్ తీరంలో వేల పడవలను బ్రిటిష్ అధికారులు స్వాధీనం చేసుకున్నారు, కొన్నిటిని నాశనం చేశారు. పడవ పోతే చేప లేదు, ధాన్యం రవాణా లేదు. 1943 బెంగాల్ కరువును తీవ్రం చేసిన కారణాల్లో దీన్నీ చరిత్రకారులు చెబుతారు. ఒరిస్సాలోనూ జపాన్ దిగుతుందన్న ఆందోళన ఎంత ఉందంటే, 1942 వేసవిలో గాంధీ శిష్యురాలు మీరాబెన్ ఇక్కడికి వచ్చి, జపాన్ సైన్యం తీరానికి వస్తే జనం ఏం చేయాలని గాంధీకి ఉత్తరం రాసి సలహా అడిగారు. పడవ ఉన్నవాడి మీద ఒక కన్నేసి ఉంచాలన్న ఆలోచన అప్పటి నుంచీ తీరం పాలనలో ఏదో ఒక రూపంలో ఉంటూనే వచ్చింది.

1971 జ్ఞాపకం వేరే రకం. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ విశాఖ ముందుకు వచ్చి డిసెంబర్ 3-4 రాత్రి మునిగిపోయింది. విక్రాంత్ అప్పటికి అండమాన్‌లో ఉంది. పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే (నీటి లోపల పేలే బాంబులే) ఘాజీని ముంచాయని మన నౌకాదళం చెబుతుంది. లోపలి పేలుడనో, అది పెట్టిన మైన్ దానికే తగిలిందనో పాకిస్తాన్ వైపు వాదన. ఆ వాదన ఇప్పట్లో తెగేది కాదు. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ నడిపిన ఈ కథలో ఒక చిన్న ఘట్టం ఉంది. నీళ్ల మీద తేలిన లైఫ్ జాకెట్, ఇతర సామాన్లు మొదట దొరికింది విశాఖ మత్స్యకారులకు. వాళ్లు తెచ్చి ఇస్తేనే సముద్రం కింద ఏదో పడి ఉందన్న అనుమానం బలపడింది. ఘాజీలో చనిపోయిన 90 మందికి పైగా నావికుల గురించి, దానికి ముందు అమెరికా పెట్టిన డయాబ్లో అనే పేరు గురించి రాసినవాళ్లు, లైఫ్ జాకెట్ తెచ్చిన మనుషుల్ని ఒక్క వాక్యంలో ‘కొందరు జాలర్లు’ అని దాటేస్తారు.

గంజాం పేటల్లో ఈ కథ చుట్టాల కథగా వినిపిస్తుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పనిచేసిన మేనమామలో, బావలో మోసుకొచ్చిన కథ. అలా నోటి నుంచి నోటికి వచ్చేటప్పుడు 1942 కథ, 1971 కథ ఒకదానిలో ఒకటి కలిసిపోవడం సహజం. ఏ యుద్ధంలో దీపాలార్పించారు, ఎప్పుడు జనం మూటలు కట్టుకుని లోపలి ఊళ్లకు పోయారు అన్నవి కలగాపులగమవుతాయి. దీన్ని చూసి నోటిమాట చరిత్ర నమ్మదగింది కాదని తేల్చేయడం తొందరపాటు. తేదీ తప్పు కావచ్చు. కానీ ఏ వైపు నుంచి శబ్దం వచ్చింది, ఆ రోజు గాలి ఎటు, వల ఎక్కడ వేశారు అన్నవి వేటగాడికి తప్పేవి కావు. 1942లో పదేళ్ల వయసున్నవాళ్లకు ఇప్పుడు 90 దాటాయి. అడగదలచుకుంటే ఇప్పుడే అడగాలి. బరంపురం విశ్వవిద్యాలయం ఈ ఊళ్లకు గంట దూరంలోపే ఉంది.

2008 ముంబై దాడి తర్వాత లెక్క పూర్తిగా మారింది. దాడి చేసినవాళ్లు ‘కుబేర్’ అనే చేపల ట్రాలర్‌ను పట్టుకుని దానిమీదే వచ్చారు. దాంతో దేశంలో ప్రతి చేపల పడవా ఒకేసారి కాపలాదారూ అయింది, అనుమానితుడూ అయింది. పడవల రిజిస్ట్రేషన్, బయోమెట్రిక్ కార్డులు, మెరైన్ పోలీస్ స్టేషన్లు వచ్చాయి. ఏటా సాగర్ కవచ్, 2019 నుంచి సీ విజిల్ అనే తీర భద్రత విన్యాసాలు జరుగుతున్నాయి. ప్రతి సభలో అధికారులు చెప్పే మాట ఒకటే: ‘మీరే తీరానికి కళ్లూ చెవులూ.’ 2025 మే 7న దేశమంతటా జరిగిన పౌర రక్షణ మాక్ డ్రిల్‌కు ఎంపిక చేసిన చోట్లలో గోపాల్‌పూర్ కూడా ఉంది. సైరన్ మోగితే ఏం చేయాలో ఒడ్డున ఉన్నవాళ్లకు చెప్పవచ్చు. అప్పటికే పది మైళ్ల దూరంలో వల దింపి కూర్చున్నవాడికి సైరన్ వినపడదు.

కళ్లూ చెవులూ అన్నవాళ్లకు మామూలు రోజుల్లో ఏం జరుగుతుందో చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. గోపాల్‌పూర్ పక్కన గోలాబంధలో సైన్యపు ఎయిర్ డిఫెన్స్ కాలేజీ 1989 నుంచి ఉంది. అక్కడి ఫైరింగ్ రేంజ్ సముద్రం వైపు తెరిచి ఉంటుంది. ఆకాశంలో ఎగిరే లక్ష్యాల మీద తుపాకులు పేల్చి శిక్షణ ఇస్తారు. పేలే రోజుల్లో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఫలానా గంటల్లో, ఇంత దూరం వరకు సముద్రంలోకి వెళ్లొద్దని నోటీసు వస్తుంది. దేశానికి అలాంటి రేంజ్ కావాలి. దాని మీద పేటల్లోనూ పెద్దగా వాదన లేదు. తగాదా అంతా గంటల దగ్గర.

వల పని ఎలా సాగుతుందో తెలిస్తే ఆ తగాదా తెలుస్తుంది. చాలా తెప్పలు సాయంత్రమో రాత్రో వల దింపి, తెల్లవారుజామున తీస్తాయి. నీటి వాటానికి వల కొంత దూరం కొట్టుకుపోతుంది. పొద్దున ఎక్కడ తేలుతుందో సరంగు (పడవ నడిపే పెద్ద) అంచనా మీదే తెలుస్తుంది. వల తీయడం, చిక్కులు విడదీయడం, చేప ఊడదీయడం కలిపి రెండు మూడు గంటలు. పొద్దున్నే రేంజ్ ముందున్న సముద్రం మూస్తారంటే చీకట్లోనే వల లాగాలి, లేదంటే వదిలేసి రావాలి. వల పోతే వేల రూపాయలు పోతాయి. ఒడ్డున తట్టలతో కాచుకున్న ఆడవాళ్లకు ఆలస్యంగా దొరికిన చేప పొద్దుటి బేరానికి అందదు. అప్పుడు దళారి చెప్పిందే రేటు. వంజరం, చందువ ఐస్‌లో పెడితే ఒక పూట ఆగుతాయి. కవళ్లు ఆగవు, ఎండకు వేయాల్సిందే. నోటీసులో ‘మత్స్యకారులు సహకరించాలి’ అని ఒక్క లైన్‌లో ఉన్నదానికి ఒడ్డున ఇంత లెక్క ఉంటుంది.

దీనికి తాబేళ్ల నిషేధం తోడు. ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు సామూహికంగా గుడ్లు పెడతాయని 1994లో గుర్తించారు. 2025లో దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చాయి. ప్రపంచంలో అరుదైన దృశ్యం, కాపాడాల్సిందే. పురుణబంధ, గోఖరకుద, పోడంపేట కుర్రాళ్లు రాత్రుళ్లు కాపలా కాసి గుడ్లను, పిల్లలను కాపాడుతున్న సంగతి తాబేళ్ల శాస్త్రవేత్తలకు బాగా తెలుసు. ముఖద్వారం నుంచి 20 కిలోమీటర్ల దాకా నవంబర్ 1 నుంచి మే 31 వరకు వేట నిషేధం. దాని మీద తూర్పు తీరమంతటికీ వర్తించే 61 రోజుల నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. రెండూ కలిపితే ముఖద్వారం చుట్టుపక్కల మరపడవకు ఏడున్నర నెలలు మూత. మిగిలిన నాలుగున్నర నెలల్లో మూడు వర్షాకాలపు పోటు సముద్రం. ఇక అక్టోబర్ ఉందనుకుంటే, ఫైలిన్ తుఫాను 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర దాటింది. మోటారు లేని సంప్రదాయ తెప్పలకు మినహాయింపు ఉంది. కానీ ఇవాళ ఫైబర్ తెప్పకు కూడా వెనక ఇంజను ఉంటుంది. మినహాయింపు ఎవరికి, ఎంత దూరం దాకా అన్నది ఒడ్డున రోజూ జరిగే వాదన. తాబేళ్లు చిక్కుకునేది ఎక్కువగా పెద్ద ట్రాలర్ల వలల్లో. కానీ ఒడ్డుకు దగ్గరగా, చేతికి అందేది చిన్న పడవే.

కాబట్టి ఏడాదిలో వేటకు దొరికే రోజులు ఎన్నో లెక్క వేసినప్పుడు ఫైరింగ్ నోటీసు ఒక్కటే పెట్టి చూడకూడదు, తాబేళ్ల నిషేధం ఒక్కటే పెట్టి చూడకూడదు. సైన్యం తన క్యాలెండర్ రాసుకుంటుంది, అటవీ శాఖ తనది, మత్స్య శాఖ తనది, వాతావరణం తనది. ఇవన్నీ ఒకే గోడ మీద తగిలించి చూసేది సరంగు ఒక్కడే. జిల్లా కలెక్టరు దగ్గర ఈ నాలుగింటినీ కలిపి, వేటకు దొరికే రోజులను ముందే ప్రకటించే పద్ధతి పెడితే ఖర్చేమీ కాదు. ఆ పని ఏ శాఖకూ సొంతం కాకపోవడమే చిక్కు.

తీరం కోత సంగతి అందరికీ తెలిసిందే. పోడంపేటలో సముద్రం వరసలు వరసలుగా ఇళ్లను తినేసింది, ఊరిని లోపలికి తరలించాల్సి వచ్చింది. తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఎక్కడైనా రాతి గోడ కట్టి దాన్ని ఆపితే దక్షిణాన ఒడ్డు పెరుగుతుంది, ఉత్తరాన కరుగుతుంది. గోపాల్‌పూర్ పోర్టు మీద, అది అదానీ గ్రూపు చేతికి వెళ్లకముందు నుంచే, ఊళ్లవాళ్ల అనుమానం ఇదే. నది ముఖద్వారం స్థానం మారడం, తుఫాన్లు కూడా కారణాలే కాబట్టి నేరమంతా ఒక్క పోర్టుకు అంటగట్టడం కుదరదు. కానీ సరిహద్దుకు ఇవతల శ్రీకాకుళం జిల్లా మూలపేటలో 2023లో పోర్టు పనులు మొదలయ్యాయి, బాహుదా దగ్గర ఇంకో పోర్టు మాట నడుస్తోంది. ఇంత చిన్న తీరంలో వరసగా గోడలు లేచినప్పుడు ఇసుక లెక్క రాష్ట్రాల వారీగా వేస్తే సరిపోదు. ఇసుకకు ఇచ్ఛాపురం చెక్‌పోస్టు లేదు.

వేట దొరకనప్పుడు కుర్రాళ్లు వలస పోతారు. చెన్నై, మంగుళూరు, గుజరాత్‌లోని వెరావల్. ఉత్తరాంధ్రవాళ్లదీ ఇదే దారి. 2018 చివర్లో గుజరాత్ బోట్ల మీద పనిచేస్తున్న ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుపోయింది. 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. యుద్ధం లేని కాలంలో, కూలికి పోయినవాడు సముద్రంలో గీత దాటాడని ఏడాది పైగా జైల్లో ఉండడం, అదీ సొంత తీరంలో వేట చాలక పోయినవాడు. తీర భద్రత గురించి మాట్లాడే సభల్లో ఈ ముడి ఎవరూ విప్పరు. ఇంటి దగ్గర రోజులు తగ్గేకొద్దీ సరిహద్దు సముద్రంలో మనవాళ్లు పెరుగుతారు.

ఇప్పుడు పడవలకు ట్రాన్స్‌పాండర్లు, అంటే ఒడ్డుతో సంకేతాలు నడిపే చిన్న పెట్టెలు, వస్తున్నాయి. ఇస్రో సాంకేతికతతో దేశమంతా లక్ష పడవలకు అమర్చే పథకం 2024 ఆగస్టులో పాల్ఘర్‌లో మొదలైంది. ఖర్చు 364 కోట్ల రూపాయలు. పడవ ఎక్కడుందో ఒడ్డుకు తెలుస్తుంది, తుఫాను హెచ్చరిక పడవకు అందుతుంది, ఆపదలో ఉన్నవాడు కబురు పంపవచ్చు. ఫైలిన్ లాంటివి చూసిన తీరంలో దీన్ని కాదనేవాళ్లు ఉండరు. కానీ అదే పెట్టె నిషేధిత నీళ్లలోకి అడుగు పెట్టినవాడిని కూడా పట్టిస్తుంది. జరిమానా వేయడానికి ఆ సమాచారం వాడతారా, వాడితే నీటి వాటానికి కొట్టుకుపోయిన వల వెంట వెళ్లినవాడికీ, కావాలని వెళ్లిన ట్రాలర్‌కూ తేడా చూస్తారా అన్నది పెట్టె బిగించకముందే మాట్లాడుకోవాలి. ఇంకో సంగతి, ఫైరింగ్ గంటలు మారినా, రేంజ్ ముందున్న సముద్రం ముందుగా తెరిచినా ఆ కబురు ఇదే పెట్టెలో పంపవచ్చు. తెప్ప మీద పెద్దవాళ్లలో చాలామందికి ఒడియా మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. కబురు ఒడియాతో పాటు తెలుగులోనూ, వీలైతే గొంతుతోనూ వెళ్లేలా చూడమని మత్స్య శాఖను అడగాల్సింది ఈ తీరపు మత్స్యకార సహకార సంఘాలే.